బాహుబలి నిలుచున్న కొండ

పిల్లలూ! బాహుబలి అనగానే ఇవాళ మీకు సినిమా జ్ఞాపకం వస్తుంది. అందులో తప్పేమీ లేదు. కాని ఆ పేరు సినిమాకంటె వెయ్యేళ్ళకు పైగా పెద్దది. ఆ పేరుగలవాడి విగ్రహం ఒకటి కన్నడ దేశంలో, హాసన్ జిల్లాలో, ఒక కొండ నెత్తిమీద నిలబడి ఉన్నది. ఈ నెల మిమ్మల్ని అక్కడికి తీసుకుపోతాను. పోతూ పోతూ జైనులంటే ఎవరు, వాళ్ళు ఎలా బతుకుతారు అన్న సంగతి కూడా చెప్పుకుందాం. ఆ కొండ చూసి, ఆ సంగతి తెలుసుకోకుండా తిరిగి రావడమంటే పెళ్ళికి వెళ్ళి భోజనం చెయ్యకుండా వచ్చినట్టే.

ఊరి పేరు శ్రవణబెళగొళ. నోరు తిరగకపోతే ముక్కలు చేసి పలకండి. శ్రవణ అంటే శ్రమణుడు, అనగా జైన సన్యాసి. కన్నడంలో బిళి అంటే తెలుపు, కొళ అంటే కొలను. సన్యాసుల తెల్లకొలను అన్నమాట. వారి కొళ, మన కొలను ఒక తల్లి బిడ్డలే. ఆ కొలను ఇప్పటికీ ఊరి నడుమ ఉంది, చుట్టూ రాతిమెట్లతో. దానికి ఒక పక్క పెద్దకొండ, ఇంకొక పక్క చిన్నకొండ. పెద్దదాన్ని వింధ్యగిరి అంటారు, చిన్నదాన్ని చంద్రగిరి అంటారు. బెంగుళూరు నుంచి పడమరగా సుమారు 145 కిలోమీటర్లు. బస్సులో వెళ్ళేవారు చన్నరాయపట్టణం మీదుగా వెడతారు. ఇప్పుడు రైలు స్టేషను కూడా ఉంది.

మెట్లు మొదలయ్యే చోటనే చెప్పులు విడవాలి. వాటిని కట్టించినవి అనడంకంటె, కొండరాతిలోనే చెక్కినవి అనడం సరి. ఆరువందలకు పైగా ఉన్నాయి. వేసవిలో మధ్యాహ్నంపూట వెడితే అరికాళ్ళు కాలుతాయి. కనక పొద్దున్నే ఎక్కండి. ముసలివారికి డోలీలు ఉన్నాయి గాని, మీకు ఆ అవసరం లేదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. దూరాన రోడ్డుమీద వస్తున్నప్పుడే కొండపైన విగ్రహం తలా, భుజాలూ కనిపిస్తాయి. తీరా కొండ ఎక్కడం మొదలుపెట్టగానే మాయమైపోతాయి. పైన చుట్టూ మండపాలూ, గోడలూ అడ్డం వస్తాయి. చివరి ద్వారం దాటి లోపలి ముంగిట్లోకి వచ్చి నిలబడితే ముందుగా కనిపించేవి పాదాలు. ఒక్కొక్క కాలివేలు మీ చెయ్యికంటె లావు. అప్పుడు మెల్లిగా తల పైకెత్తుతారు. మోకాళ్ళు, తొడలు, చేతులు, ఆ పైన ముఖం. దూరాన్నుంచి చూసినవాడు “తల ఉంది, కాళ్ళు లేవు” అంటాడు. దగ్గర నిలబడ్డవాడు “కాళ్ళే ఉన్నాయి, ముఖం సరిగా కనపడటం లేదు” అంటాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు గదా! జైనులకు అనేకాంతవాదం అని ఒక సిద్ధాంతం ఉంది. ఏ వస్తువునైనా ఒకచోట నిలబడి చూస్తే కొంతే తెలుస్తుంది, ఎదుటివాడు చెప్పేదాంట్లో కూడా కొంత నిజం ఉండవచ్చు అని దాని తాత్పర్యం. పెద్ద పుస్తకాల్లో దాన్ని చాలా కష్టంగా రాస్తారు. ఆ మెట్లు ఎక్కినవాడికి కాళ్ళనొప్పులతోబాటు అది కూడా కొంత తెలిసివస్తుంది.

విగ్రహం ఎత్తు సుమారు 57 అడుగులు. మనవాళ్ళ ఇళ్ళు ఒకదానిమీద ఒకటి ఐదు పేర్చినంత. ఒకే రాయి. ఎక్కడో చెక్కి తెచ్చి నిలబెట్టింది కాదు. కొండ కొమ్మునే పైనుంచి చెక్కుకుంటూ వచ్చి, చుట్టూ ఉన్న రాయి తీసివేసి, లోపలున్న మనిషిని బయటపెట్టారు. తొడల పైనుంచి వెనక ఏ ఆసరా లేదు. వెయ్యి సంవత్సరాలకు పైగా ఎండా వానా తింటూ అలాగే నిలుచుని ఉన్నాడు. ముఖంలో మాత్రం అలసట లేదు. పెదవిమీద నవ్వో కాదో చెప్పలేని నవ్వు ఒకటి ఉంది.

ఒంటిమీద బట్ట లేదు. మీలో కొందరు ముసిముసిగా నవ్వుకుంటారని నాకు తెలుసు. ముప్ఫైయేళ్ళు బడి నడిపినవాణ్ణి. నవ్వడం అయ్యాక కాళ్ళవైపు చూడండి. కాళ్ళ దగ్గర పుట్టలు, పుట్టల్లోంచి తలలు బయటపెట్టిన పాములు. కాళ్ళకూ, చేతులకూ మాధవీలత చుట్టుకుని పైదాకా పాకింది. ఒక మనిషి ఒంటిమీద తీగె పాకేదాకా కదలకుండా నిలబడ్డాడంటే దానికి ఏదో పెద్ద కారణం ఉండాలి. అది ఈ కథ.

జైనులు తమకు ఇరవైనలుగురు తీర్థంకరులు ఉన్నారని చెబుతారు. తీర్థం అంటే రేవు. ఏరు దాటడానికి రేవు కట్టినవాడు తీర్థంకరుడు. వారిలో మొదటివాడు ఋషభుడు. అతను అయోధ్యకు రాజు. అతనికి నూర్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పెద్ద కూతురు బ్రాహ్మికి అక్షరాలూ, చిన్నకూతురు సుందరికి అంకెలూ నేర్పాడట. అందుకే మన దేశపు పాత లిపికి బ్రాహ్మీ అని పేరు వచ్చిందని జైనుల మాట. మీరిప్పుడు చదువుతున్న తెలుగు అక్షరాలకు మూలం ఆ బ్రాహ్మీలిపే.

ఋషభుడు ఒకనాడు రాజ్యం కొడుకులకు పంచి, తపస్సుకు వెళ్ళిపోయాడు. పెద్దవాడు భరతుడికి అయోధ్య వచ్చింది. బాహుబలికి పౌదనపురం వచ్చింది. తెలంగాణంలోని బోధన్ పట్టణమే ఆ పౌదనపురమని కొందరు పండితులు అంటారు. భరతుడికి ఉన్నది చాలలేదు. చక్రాన్ని ముందు నడిపిస్తూ దండయాత్రకు వెళ్ళి, దేశాలన్నీ గెలిచి తిరిగి వచ్చాడు. అయోధ్య గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చక్రం ఆగిపోయింది. ఎందుకా అని ఆరా తీస్తే, “ఇంకా నీ తమ్ముళ్ళు నీకు లొంగలేదు” అన్నారు.

తొంభైయెనిమిదిమంది తమ్ముళ్ళు ఈ గొడవ మాకెందుకని రాజ్యాలు వదిలి సన్యాసులైపోయారు. బాహుబలి మాత్రం, “అన్నగా వస్తే నమస్కరిస్తాను. చక్రవర్తిగా వస్తే తలవంచను” అన్నాడు. రెండు సేనలూ ఎదురెదురుగా నిలిచాయి. అప్పుడు మంత్రులు ఆలోచించి ఒక మంచిమాట చెప్పారు: “తగాదా మీ ఇద్దరిది. ఈ వేలమంది ఎందుకు చావాలి? మీరిద్దరే తేల్చుకోండి.”

మూడు పందేలు పెట్టారు. మొదటిది రెప్ప వెయ్యకుండా ఒకరినొకరు చూడడం. రెండోది చెరువులో దిగి నీళ్ళు చల్లుకోవడం. మూడోది కుస్తీ. బాహుబలి పొడగరి. మొదటి రెండూ అతనే గెలిచాడు. కుస్తీలో అన్నను రెండు చేతులా పైకెత్తేశాడు. నేలకేసి కొడితే అంతటితో సరి. భరతుడు అవమానం పట్టలేక, ఆడిన మాట తప్పి, తమ్ముడిమీదికి చక్రం విసిరాడు. చక్రం బాహుబలి చుట్టూ తిరిగి, ఏమీ చెయ్యకుండా ఆగిపోయింది.

ఆ క్షణాన బాహుబలి గెలిచినవాడు. రాజ్యం చేతిలో ఉంది. తప్పు అన్నది. లోకమంతా తమ్ముడిదే న్యాయమంటుంది. అతను అన్నను మెల్లిగా దింపాడు. సింహాసనం కోసం అన్నదమ్ములు ఇంతదాకా వస్తారా అనుకున్నాడు. రాజ్యం అన్నకే విడిచి, అడవికి వెళ్ళి నిలబడ్డాడు. సంవత్సరంపాటు నిలబడ్డాడు. తీగెలు పాకాయి. అయినా జ్ఞానం రాలేదు. “నేను నిలుచున్నది కూడా అన్నగారి నేలమీదే గదా” అనే ముల్లు మనస్సులో మిగిలి ఉందనీ, భరతుడు వచ్చి మొక్కినప్పుడు అది ఊడిపోయిందనీ దిగంబరులు చెబుతారు. శ్వేతాంబరుల కథ ఇంకొక తీరు. ముందే సన్యసించిన చిన్న తమ్ముళ్ళకు తాను మొక్కవలసి వస్తుందని అతను వెళ్ళకుండా నిలబడ్డాడట. అప్పుడు బ్రాహ్మి, సుందరి వచ్చి, “అన్నా, ఏనుగు దిగు” అన్నారట. అడవిలో ఒంటరిగా నిలుచున్నవాడికి ఏనుగెక్కడిది? అతను ఒక్క నిమిషం ఆలోచించాడు, ఏనుగేదో అతనికి తెలిసింది. నాకు ఈ రెండో కథే ఎక్కువ ఇష్టం.

ఇక ఈ విగ్రహాన్ని చెక్కించినదెవరో వినండి. చావుండరాయుడు. గంగరాజులకు మంత్రి, సేనాపతి. క్రీ.శ. 981 ప్రాంతంలో ఇది పూర్తయింది. చావుండరాయుడు ఎన్నో యుద్ధాలు చేసినవాడు. వాటిని చెప్పే బిరుదులు ఎన్నో ఉన్నాయి. అదే మనిషి కన్నడంలో వచనగ్రంథం కూడా రాశాడు. కత్తి పట్టిన చెయ్యి, చేతికందిన గెలుపును వదిలేసినవాడి బొమ్మ చెక్కించింది. ఎందుకు? మీరు విగ్రహం ముందు నిలబడి ఆలోచించవలసిన ప్రశ్న ఇది. పాదాల పక్కన చెక్కించినవాడి పేరు కన్నడ, తమిళ, నాగరి లిపుల్లో రాసి ఉంది. నాగరిలో ఉన్నదాన్ని మరాఠీ భాషకు చాలా పాత రాతల్లో ఒకటిగా చెబుతారు. తెలుగు లేదని చిన్నబుచ్చుకోకండి. తెలుగు సంగతి చివర ఉంది.

చావుండరాయుడిమీద ఆ ఊళ్ళో ఒక కథ చెబుతారు. విగ్రహానికి మొదటి అభిషేకం చేసేటప్పుడు కుండలకొద్దీ పాలు పోయించాడట. పాలు నడుము దాటి కిందికి దిగలేదు. ఇంతలో ఒక పేదముసలమ్మ గుళ్ళకాయి అనే కాయ డొల్లలో కాసిని పాలు తెచ్చింది. అందరూ నవ్వారు. ఆ కాసిని పాలు పోస్తే తలనుంచి పాదాలదాకా తడిసి, కొండమీదనుంచి కిందికి పారాయట. విగ్రహానికి ఎదురుగా ఆ ముసలమ్మ బొమ్మ కూడా ఉంది. గుళ్ళకాయి అజ్జి అంటారు. కన్నడంలో అజ్జి అంటే అవ్వ.

ఇప్పటికీ సుమారు పన్నెండేళ్ళకొకసారి మహామస్తకాభిషేకం జరుగుతుంది. విగ్రహం వెనక ఎత్తుగా మంచె కట్టి, పైనుంచి నీళ్ళు, పాలు, చెరుకురసం, పసుపు, చందనం పోస్తారు. విగ్రహం తెల్లబడుతుంది, పచ్చబడుతుంది, ఎర్రబడుతుంది. వెయ్యేళ్ళ పండుగ 1981లో జరిగినప్పుడు అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ హెలికాప్టరు నుంచి పూలు చల్లింది. తరవాత 1993లో, 2006లో, 2018లో జరిగాయి. ఈసారి ఎప్పుడో, అప్పటికి మీ వయస్సెంతో లెక్క కట్టండి.

ముంగిట్లో కాసేపు కూర్చుందాం. కొండగాలి చల్లగా ఉంటుంది. జైనుల సంగతి ఇక్కడ చెబుతాను.

ఇరవైనాలుగో తీర్థంకరుడు వర్ధమాన మహావీరుడు. బుద్ధుడి కాలంవాడు. బీహారులో వైశాలి దగ్గర రాజవంశంలో పుట్టి, ముప్ఫైయ్యో యేట ఇల్లు విడిచి, పన్నెండేళ్ళు తపస్సు చేశాడు. పావాపురిలో నిర్యాణం చెందాడు. జైనుల లెక్కలో అది క్రీ.పూ. 527, దీపావళి అమావాస్య. అందుకే వాళ్ళు దీపావళికి మహావీరుణ్ణి తలుచుకుని దీపాలు పెడతారు. లోకాన్ని ఒక దేవుడు సృష్టించాడని జైనులు అనరు. ఎవరి కర్మ వాళ్ళదే, దాన్ని వదిలించుకునే పని కూడా వాళ్ళదే అంటారు.

వారి వ్రతాలు అయిదు. ప్రాణిని హింసించకపోవడం, నిజం చెప్పడం, దొంగిలించకపోవడం, బ్రహ్మచర్యం, ఆస్తి కూడబెట్టకపోవడం. సన్యాసులు వీటిని ఏమాత్రం సడలింపు లేకుండా పాటించాలి. సంసారులకు ఇవే చిన్న కొలతలో ఉంటాయి. వాటిని అణువ్రతాలు అంటారు. అన్నిటికంటె ప్రసిద్ధి అహింసకు వచ్చింది గాని, నన్నడిగితే అయిదోదే కష్టం. వ్యాపారం చేసేవాడు ఇంతకుమించి కూడబెట్టనని గీత గీసుకుని దానికి కట్టుబడడం సామాన్యం కాదు.

ప్రాణులను వాళ్ళు లెక్కపెట్టిన తీరు చూడండి. చెట్టుచేమలకు స్పర్శ ఒక్కటే ఉంటుంది. పురుగులకు స్పర్శా, రుచీ. చీమకు ఆ రెండింటితోబాటు వాసన. ఈగకూ, తుమ్మెదకూ చూపు కూడా. పశువులకూ, మనుషులకూ వినికిడితో కలిపి అయిదు. మట్టిలో, నీళ్ళలో, నిప్పులో, గాలిలో కూడా ఒక్క ఇంద్రియంగల జీవులుంటాయట. నేటి శాస్త్రం దీన్ని ఇలాగే ఒప్పుకోదు. చాలా రకాల చీమలకు కళ్ళున్నాయి. కాని సూక్ష్మదర్శిని పుట్టకముందే కంటికి కనపడని ప్రాణి ఉంటుందని తలచి, మంచినీళ్ళు గుడ్డతో వడకట్టుకుని తాగారు. వడకట్టగా గుడ్డమీద మిగిలినదాన్ని పారబొయ్యరు. ఆ బావి నీళ్ళు ఆ బావిలోకే మెల్లిగా దింపుతారు. లేకపోతే ఆ ప్రాణులు చస్తాయి గదా!

నిష్ఠగల జైనుల ఇంట్లో చీకటి పడ్డాక పొయ్యి వెలగదు. దీపానికి వచ్చే పురుగులు అన్నంలో పడతాయని పొద్దుండగానే తింటారు. మాంసం సరే, తేనె కూడా ముట్టరు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, ముల్లంగి తినరు. కాయ కోస్తే మొక్క బతుకుతుంది, దుంప తవ్వితే మొక్క పోతుంది. పైగా దుంపలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయని వాళ్ళ నమ్మకం. ఉల్లిపాయ లేకుండా కూరకు రుచి ఏమిటి అంటారేమో, జైనుల భోజనశాలలో ఒక్కపూట తిని చూసి అప్పుడు మాట్లాడండి.

సన్యాసుల్లో రెండు తెగలున్నాయి. తెల్లబట్ట కట్టేవారు శ్వేతాంబరులు. వారిలో కొందరు నోటికి చిన్న గుడ్డ కట్టుకుంటారు. దిక్కులే బట్టలనుకునేవారు దిగంబరులు. ఈ కొండ వారిది. దిగంబర సన్యాసి దగ్గర ఉండేవి ఒక కమండలం, ఒక నెమలిపింఛాల కట్ట. కూర్చునే ముందు ఆ కట్టతో నేలను మెల్లిగా తుడుస్తాడు. అక్కడ చీమ ఉంటే పక్కకు తప్పుకోవాలని. ఆ పింఛాలు కూడా నెమలి తనంత తాను రాల్చినవే. రోజుకు ఒక్కసారి, నిలబడి, దోసిట్లో పెట్టిందే తింటాడు. జుట్టు మంగలిచేత తీయించుకోడు, తన చేత్తోనే పీక్కుంటాడు. ఎంత దూరమైనా కాలినడకే. వానాకాలం నాలుగునెలలు మాత్రం ఒకచోటనే ఉంటాడు. అప్పుడు దారినిండా పురుగూ పుట్రా ఉంటాయి, అడుగేస్తే ఏదో ఒకటి చస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. ఏటా భాద్రపదం ప్రాంతాన వాళ్ళకు ఒక పర్వం వస్తుంది. ఆ పర్వం చివర ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. “మిచ్ఛామి దుక్కడం” అంటారు. ప్రాకృతభాషలో మాట. నావల్ల జరిగిన చెడు వ్యర్థమైపోవాలి అని అర్థం. యజమాని గుమాస్తాతో అంటాడు, తండ్రి కొడుకుతో అంటాడు. ఇది చదువుతున్న అమ్మానాన్నలారా, మీ సంగతేమిటో నాకు తెలియదు గాని, పిల్లవాణ్ణి క్షమించమని అడగడం నేను చూసిన తండ్రుల్లో చాలామందికి వచ్చిన విద్య కాదు.

బడిలో ఈ పాఠం చెబుతుంటే ఒకసారి ఒక రైతుబిడ్డ లేచాడు. “మాస్టారూ, మా నాన్న అరక కడితే వానపాములు తెగుతాయండి. మరి మా నాన్న పాపం చేసినట్టేనాండి?” అన్నాడు. మంచి ప్రశ్న. జైన పెద్దలు దాన్ని ఏనాడో ఆలోచించారు. సంసారి చేసే హింసను నాలుగు రకాలుగా విడదీశారు. చంపాలని చంపడం ఒకటి. వంటా, ఇంటిపనీ చేస్తుంటే జరిగేది ఒకటి. బతుకుతెరువు పనిలో జరిగేది ఒకటి. మీదికి వచ్చినవాణ్ణి ఆపుకోవడంలో జరిగేది ఒకటి. సంసారి మొదటిదాన్ని పూర్తిగా వదలాలి, తక్కినవాటిని వీలైనంత తగ్గించుకోవాలి. కర్ణాటకలోనూ, మహారాష్ట్రలోనూ సేద్యం చేసే జైనులు ఎందరో ఉన్నారు. ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “సరేనండి, కాని తెగిన వానపాముకు ఆ సంగతి తెలియదు గదండీ” అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశాను.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో జైనులు 44 లక్షల పైచిలుకు. వెయ్యిమందిలో నలుగురు కూడా నిండరు. సంఖ్య చిన్నదే.

ఎండ ముదరకముందే దిగి, చిన్నకొండ కూడా ఎక్కండి. అక్కడ జనం తక్కువ. పాత బసదులు, అంటే జైనాలయాలు, వరసగా ఉన్నాయి. ఉత్తరదేశంలో పన్నెండేళ్ళ కరువు వస్తుందని తెలిసి భద్రబాహువు అనే గురువు శిష్యులతో దక్షిణానికి వచ్చాడనీ, మౌర్య చంద్రగుప్తుడు రాజ్యం వదిలి ఆయన వెంట వచ్చి ఈ కొండమీదనే చివరిదాకా తపస్సు చేశాడనీ చెబుతారు. భద్రబాహువు గుహ చూపిస్తారు. చంద్రగుప్త బసదిలో ఈ కథంతా రాతిజాలీమీద చిన్నచిన్న బొమ్మలుగా చెక్కారు. ఇది నిజంగా జరిగిందా? కొందరు చరిత్రకారులు ఔనంటారు, కొందరు సందేహిస్తారు. ఈ ముచ్చట ఇక్కడి శాసనాల్లో క్రీ.శ. 600 ప్రాంతంనుంచి కనిపిస్తుంది. చంద్రగుప్తుడికీ దానికీ మధ్య సుమారు 900 సంవత్సరాలు. ఈ ఊరిచుట్టూ అయిదువందలకు పైగా శాసనాలు దొరికాయి. ఈ కొండమీద భరతుడి విగ్రహం కూడా ఉంది. మోకాళ్ళ కింద భాగం లేదు. తమ్ముడు అక్కడ 57 అడుగులు, అన్న ఇక్కడ విరిగిన రాయి.

ఇక తెలుగు సంగతి. ఈ అన్నదమ్ముల కథను కన్నడంలో కావ్యంగా రాసినవాడు పంపకవి. ఆ గ్రంథం ఆదిపురాణం, క్రీ.శ. 941 నాటిది. పంపడి పూర్వులు వేంగినాటి వంగిపర్రువాళ్ళు, అంటే మన తెలుగుదేశంవాళ్ళు. తండ్రి జైనమతం పుచ్చుకున్నాడు. పంపణ్ణి ఆదరించిన రాజు వేములవాడ చాళుక్యుడైన రెండో అరికేసరి. పంపడికి జినవల్లభుడని ఒక తమ్ముడున్నాడు. కరీంనగరం జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరుంది. అక్కడ బొమ్మలగుట్టమీద ఋషభుడి శాసనదేవత చక్రేశ్వరినీ, జినుల బొమ్మలనూ చెక్కించి, వాటి కింద ఆ తమ్ముడు ఒక శాసనం వేయించాడు. అది సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ ఉంది. అందులో తెలుగు కందపద్యాలున్నాయి, నన్నయగారి భారతానికి ముందటివి. అన్నగారి కవిత్వాన్నీ, కీర్తినీ తమ్ముడు రాతిమీద రాయించి పెట్టాడు.

శ్రవణబెళగొళ దూరమైతే ముందు ఇక్కడికి వెళ్ళండి. భువనగిరి దగ్గర కొలనుపాకలో పెద్ద జైనాలయం కూడా ఉంది, అదీ చూడవచ్చు. బొమ్మలగుట్టకు మాత్రం కాయితం, పెన్సిలు వెంట తీసుకుపొండి. వెయ్యేళ్ళ నాటి అక్షరాలు గనక చూడగానే చదవరావు. తొందరపడక ఒక్కొక్క అక్షరమే చూసి బొమ్మ గీసుకోండి. రెండో మూడో తప్పకుండా గుర్తుపడతారు.